డెమో చూసి బ్లాగు థీమ్ కొనకండి: నలభై వ్యాసాలు చిక్కుపడిన నా అనుభవం

కొత్తగా బ్లాగు మొదలుపెట్టబోతూ, దానికి తగిన థీమ్ (బ్లాగు రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్ట) కోసం వెతుకుతున్న వారిని ఉద్దేశించి ఈ హెచ్చరిక రాస్తున్నాను. బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ కోసం నేను డబ్బు పెట్టి కొన్న ఒక థీమ్ వల్ల నలభై వ్యాసాలు చదవడానికి వీల్లేకుండా పోయాయి. వాటిని మళ్లీ ఒక దారికి తేవడానికి మూడు వారాల పాటు రోజూ సాయంత్రాలు వెచ్చించాను, కట్టిన సొమ్ము మాత్రం తిరిగి రాలేదు. అమ్మినవారి పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇదే లోపం ఉన్న థీములు ఎన్నో అమ్మకంలో ఉన్నాయి కాబట్టి, ఒక్కరి పేరు చెబితే మిగిలినవన్నీ మంచివేనన్న భ్రమ కలుగుతుందని నా భయం.

నా బ్లాగు రాత్రి ఆకాశం గురించినది. ఆ థీమ్ డెమో తెరవగానే తెర నిండా పాలపుంత ఫోటో, దాని మీద తెల్లని పెద్ద అక్షరాల్లో రెండే రెండు మాటల ఇంగ్లీషు శీర్షిక, కిందికి జరిపితే ఒకే కొలతలో వరుసకు మూడు చొప్పున పేర్చిన వ్యాసాల పెట్టెలు కనిపించాయి. అచ్చంగా నా విషయం కోసమే చేసినట్టు అనిపించి, ఇంకేమీ ఆలోచించకుండా ఆ రాత్రే డబ్బు కట్టాను. నన్ను ఆకట్టుకున్నది ఎవరో తీసిన మంచి ఫోటో అని, దాన్ని పక్కన పెడితే థీమ్‌లో చూడవలసినదేదీ నేను చూడనే లేదని తర్వాత తెలిసింది.

ఇన్‌స్టాల్ చేశాక పాలపుంత ఉండవలసిన చోట బూడిద రంగు పెట్టె మిగిలింది. డెమోలోని ఫోటోలు చూపించడానికి మాత్రమేనని, వాటి హక్కులు కొన్నవారికి రావని వివరణ పేజీ అడుగున రాసి ఉంది. చాలా థీములకు ఈ షరతు ఉంటుంది, దాన్ని చదవకపోవడం నా తప్పే. అంతకంటే ఎక్కువగా బాధపెట్టింది తెలుగు లిపికి పట్టిన గతి. 'కృత్తికా నక్షత్రాలను కంటితో గుర్తించడం' అని నా మొదటి శీర్షిక పెట్టాను. అందులో తవత్తు సగానికి తెగిపోయింది, క్రావడి పూర్తిగా మాయమై 'నక్షత్రాలు' కాస్తా 'నక్షతాలు' అయ్యాయి. కారణం వెతికితే, శీర్షికలో వరుస ఎత్తును అక్షరం సైజుకు 1.1 రెట్లకు బిగించి, ఆ పెట్టె దాటిన భాగాన్ని దాచివేయమని థీమ్ స్టైల్ ఫైల్‌లో రాసి ఉంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు ఆ ఎత్తు చాలుతుంది. పైన గుడులు, కింద వత్తులు ఉండే మన లిపికి నా అనుభవంలో 1.6 రెట్లకు తగ్గితే శీర్షిక ఇరుకుగానే ఉంటుంది.

ఇంకా చూడగా, శీర్షికలో అక్షరాల మధ్య అదనపు ఎడం కూడా పెట్టారు. ఇంగ్లీషులో అది హుందాగా కనిపిస్తుంది, తెలుగులో పదం ముక్కలుగా విడిపోయినట్టు ఉంటుంది. థీమ్‌తో పాటు వచ్చిన ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. అలాంటప్పుడు బ్రౌజర్ పాఠకుడి ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉన్న ఏదో ఒక తెలుగు ఫాంటును తెచ్చి చూపిస్తుంది కాబట్టి, అదే పేజీ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా కనిపిస్తుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఫాంటులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతున్నా, వాటిని ఎంచుకునే వీలు ఈ థీమ్ సెట్టింగులలో లేదు. ఉల్లేఖనాలను వాలు అక్షరాల్లో చూపించే ఏర్పాటు ఒకటి ఉంది. తెలుగు ఫాంటులలో వాలు రూపం సాధారణంగా ఉండదు గనుక బ్రౌజర్ నిలువు అక్షరాలనే బలవంతంగా పక్కకు వంచుతుంది, ఆ పేరా చదవడానికి కళ్లు నొప్పి పుడతాయి. డెమోలో పొందికగా కనిపించిన మూడు పెట్టెల వరుస కూడా నిలవలేదు. వర్డ్‌ప్రెస్ మామూలుగా వ్యాసంలోని మొదటి 55 పదాలను సంగ్రహంగా తీసుకుంటుంది, అయితే 'గుర్తించవలసివచ్చినప్పుడు' అన్నది కూడా మనకు ఒకే పదం. ఇంగ్లీషు పదాల లెక్కతో గీసిన పెట్టెల్లో మన 55 పదాలు పట్టలేదు.

వరుస ఎత్తును నేనే స్టైల్ ఫైల్‌లో సరిచేశాను. రెండో నెలలో వచ్చిన థీమ్ అప్‌డేట్ ఆ ఫైల్ మొత్తాన్ని కొత్తదానితో మార్చివేయడంతో నా సవరణ కొట్టుకుపోయి, 'నక్షతాలు' మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. ఇలాంటి మార్పులను చైల్డ్ థీమ్‌లో (అసలు థీమ్ మీద ఆధారపడుతూ మన మార్పులను విడిగా ఉంచే చిన్న థీమ్) గాని, స్టైల్ మార్పులు రాసుకునే 'అడిషనల్ సీఎస్ఎస్' అన్న విభాగంలో గాని రాసుకోవాలి, అక్కడ ఉన్నవాటిని అప్‌డేట్ తాకదు. అమ్మినవారికి మూడు ఉత్తరాలు రాశాను. మా డెమోలో అంతా బాగానే ఉందని మొదటి జవాబు వచ్చింది. వేరే భాషలకు చేయవలసిన సవరణలు తమ సహాయం పరిధిలోకి రావన్నది రెండో జవాబు. మూడోసారి డబ్బు వాపసు అడిగితే, ఫైల్ డౌన్‌లోడ్ అయిపోయింది కనుక, వర్ణించినట్టే పనిచేస్తోంది కనుక వాపసు కుదరదని తేల్చిచెప్పారు. వర్ణనలో తెలుగు ప్రస్తావన ఎక్కడా లేదు, కాబట్టి నాకు పట్టు చిక్కలేదు. ఏ భాషలో రాయబోతున్నామో చెప్పి, ఆ భాషలో పనిచేస్తుందా అని కొనకముందే రాతపూర్వకంగా అడిగి జవాబు తెప్పించుకోవాలని గట్టిగా చెబుతున్నాను. జవాబు రాకపోతే అది కూడా జవాబే.

ఇంతవరకు చెప్పినవి చూపుకు సంబంధించిన ఇబ్బందులు, ఎలాగో సర్దుకుపోయాను. అసలు నష్టం జరిగింది వ్యాసాల లోపల. రాసే తెర మీద 'గమనిక పెట్టె', 'రెండు వరుసలు', 'ఫోటోల మాల' అంటూ థీమ్ తెచ్చిపెట్టిన బొత్తాలు ఉండేవి. వాటిని నొక్కిన ప్రతిసారీ నా వాక్యాలకు ముందూ వెనుకా చదరపు బ్రాకెట్లలో థీమ్ సొంత ఆదేశాలు చేరేవి. వీటిని షార్ట్‌కోడ్‌లు అంటారు, 2008లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 2.5 నుంచి ఈ సదుపాయం ఉంది. దానంతటది చెడ్డది కాదు. అయితే ఆ ఆదేశానికి అర్థం చెప్పే కోడ్ థీమ్‌లోనే ఉంటే, థీమ్ తీసేసిన రోజున అర్థం పోయి బ్రాకెట్లు మాత్రమే మిగులుతాయి. నేను ఏడు నెలలు ఈ సంగతి తెలియకుండా రాస్తూ పోయాను.

ఏడో నెలలో వర్డ్‌ప్రెస్ కొత్త వెర్షన్ వచ్చాక థీమ్‌తో వచ్చిన పేజ్ బిల్డర్ (పేజీలోని భాగాలను పేర్చుకునే సాధనం) తెరుచుకోవడం మానేసింది. సహాయ గడువు ఆరు నెలలకే ముగిసిందని, పొడిగించుకోవాలంటే మళ్లీ డబ్బు కట్టాలని అమ్మినవారు తెలిపారు. విసిగిపోయి వేరే థీమ్‌కు మారాను. 'ఓరియన్ బెల్టులోని మూడు నక్షత్రాలు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి' అన్న వాక్యానికి ముందు నాలుగు బ్రాకెట్లు, వాటిలో రంగుల సంఖ్యలు, వెడల్పు కొలతలు, వాక్యం ముగిశాక మూసివేత కోసం మరో నాలుగు బ్రాకెట్లు కనిపించాయి. ఫోటోల మాల ఉన్న చోట ఒక్క ఫోటో కూడా లేదు, వాటికి బదులు 212, 213, 214 అని వరుసగా అంకెలు మాత్రం ఉన్నాయి. అవి ఫోటోల గుర్తింపు సంఖ్యలని, ఒక్కొక్క సంఖ్యకు సరిపోయే ఫోటోను మీడియా విభాగంలో వెతికి మళ్లీ పెట్టుకోవాలని అర్థమయ్యేసరికి నిజంగా నీరుగారిపోయాను. బ్రాకెట్లు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నందువల్ల అన్నింటినీ ఒక్కసారిగా తొలగించే మార్గం నాకు దొరకలేదు. ఒక్కో వ్యాసం తెరిచి చేత్తో తీసుకుంటూ వచ్చాను.

వీటితో పాటు 'పరిశీలన దినచర్య' అని నేను విడిగా రాసుకున్న విభాగం డాష్‌బోర్డు (బ్లాగును నిర్వహించే తెర) నుంచే అదృశ్యమైంది. ఆ విభాగాన్ని సృష్టించింది థీమ్ కావడం వల్ల, థీమ్‌తో పాటే దాని మెనూ కూడా పోయింది. రాతలు డేటాబేస్‌లో భద్రంగానే ఉన్నా, వాటిని చేరుకునే తలుపు మూసుకుపోయింది.

వర్డ్‌ప్రెస్ నిర్మాణం ఇలా జరగకూడదనే ఉద్దేశంతోనే ఉంది. మన రాతలు డేటాబేస్‌లో ఉంటాయి, థీమ్ వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, ఒకదాన్ని మార్చితే రెండోది చెదరకూడదు. అందుకే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ అధికారిక థీమ్ జాబితాలో చేరాలంటే షార్ట్‌కోడ్‌లు, నా దినచర్య విభాగం లాంటి సొంత రకం పోస్టులు వంటివి థీమ్‌లో ఉండరాదన్న నియమం ఉంది. అవి కావాలంటే ప్లగిన్‌గా (వర్డ్‌ప్రెస్‌కు అదనపు సదుపాయం చేర్చే విడి కోడ్) విడిగా ఇవ్వాలి. బయటి సైట్లలో అమ్మే థీములకు ఈ నియమం వర్తించదు. పైగా అవి 'వందకు పైగా సదుపాయాలు' అని దాన్నే గొప్పగా ప్రకటించుకుంటాయి. థీమ్ పని రూపం చూపించడం వరకే. నా వ్యాసంలోకి చొరబడి తన గుర్తులు పెట్టే థీమ్ ఎంత అందంగా ఉన్నా కొనదగినది కాదని నేను ఖండితంగా చెబుతాను.

థీమ్‌తో పాటు 'ఉచితంగా' వచ్చే ప్లగిన్ల విషయంలో మరో ప్రమాదం ఉంది. నా థీమ్ ఆరు ప్లగిన్లను తప్పనిసరిగా పెట్టించింది. ఇలా కలిపి ఇచ్చే ఖరీదైన ప్లగిన్ల లైసెన్స్ సాధారణంగా థీమ్ అమ్మినవారి పేరు మీద ఉంటుంది, కాబట్టి ప్లగిన్ తయారీదారు భద్రతా సవరణ విడుదల చేసినా అది మనకు నేరుగా అందదు, థీమ్ వారు తమ కట్టలో చేర్చేదాకా ఎదురుచూడాలి. 2014లో స్లైడర్ రెవల్యూషన్ అనే ప్లగిన్‌లో లోపం బయటపడినప్పుడు జరిగింది ఇదే. ఆ ప్లగిన్ తమ థీమ్‌లో దాగి ఉందన్న సంగతే తెలియని ఎందరో సైట్ యజమానులు ఆ ఏడాది చివర్లో సోక్‌సోక్ అనే హానికర కోడ్‌కు బలయ్యారు. అంతకు మూడేళ్ల ముందు, 2011లో, చాలా థీములు వాడుకున్న టిమ్‌థంబ్ అనే ఫోటోల సైజు మార్చే చిన్న ఫైల్ కూడా ఇలాగే దాడులకు దారి ఇచ్చింది.

డబ్బు మిగుల్తుందని లైసెన్స్ తాళం పగలగొట్టిన థీములను అనధికార సైట్ల నుంచి దింపుకోవడం ఇంతకంటే ప్రమాదకరం. ఏముందో చదవడానికి వీలు లేకుండా బేస్64 రూపంలో మార్చిన కోడ్ వాటిలో తరచుగా కనిపిస్తుంది. గూగుల్ వారి బ్లాగు సేవ అయిన బ్లాగర్ వాడేవారు కూడా ఉచిత టెంప్లేట్ల (అక్కడి థీముల) విషయంలో ఏమరుపాటుగా ఉండకూడదు. పేజీ అడుగున ఉన్న తయారీదారు పేరును తొలగించిన మరుక్షణం పాఠకులను వేరే సైట్‌కు మళ్లించే స్క్రిప్టు కొన్నింటిలో దాచి ఉంచుతారు.

ఇప్పుడు నేను ఏ థీమ్‌నైనా ఎలా పరీక్షిస్తున్నానో చెబుతాను. మొదటి పది వ్యాసాల వరకు ఏదీ కొననవసరం లేదు, వర్డ్‌ప్రెస్‌తో వచ్చే ట్వంటీ ట్వంటీ-ఫైవ్ వంటి మామూలు థీమ్ చాలు. మన శీర్షికలు ఎంత పొడవు ఉంటాయో, ఫోటోలు నిలువువా అడ్డమా, పట్టికలు వాడతామా లేదా అన్నది పది వ్యాసాలు రాశాకే తెలుస్తుంది. తర్వాత, కొనాలనుకున్న థీమ్ డెమోను కంప్యూటర్‌లో కాకుండా ఫోనులో తెరుస్తాను. ఆ డెమో చిరునామానే పేజీ వేగాన్ని కొలిచే గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టి చూస్తాను. పేజీలో అతి పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది అక్కడి ప్రమాణం, అమ్మేవారి సొంత డెమోయే దాన్ని అందుకోలేకపోతే నా బ్లాగు అందుకుంటుందని ఆశించలేను. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లని నేపథ్యం మీద నాజూకుగా ఉంటాయి గాని, మామూలు సైజు అక్షరాలకు రంగుల తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతున్నాయి, కళ్లు బలహీనపడిన పాఠకులు మనకూ ఉంటారు. మార్పుల చిట్టా తెరిచి చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో, అంతకు ముందు ఎంత కాలానికి ఒకటి వచ్చిందో చూస్తాను. డిసెంబరు 2018లో వర్డ్‌ప్రెస్‌లోకి వచ్చిన, వ్యాసాన్ని ముక్కలు ముక్కలుగా పేర్చి రాసే బ్లాక్ ఎడిటర్‌ను ఇప్పటికీ ఆఫ్ చేసుకోమని చెప్పే థీమ్ అయితే అక్కడే ఆగిపోతాను.

ఉచిత రూపం ఉన్న థీమ్ అయితే బ్రౌజర్‌లోనే నడిచే ప్రయోగశాల లాంటి వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్‌లో పెట్టి, వత్తులు ఎక్కువగా ఉన్న నా శీర్షికల్లో అన్నింటికంటే పొడవైనదాన్ని, ఫోటో లేని ఒక వ్యాసాన్ని అందులో వేస్తాను. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ థీమ్ ఇచ్చిన బొత్తాలన్నీ వాడి ఒక వ్యాసం రాసి, వెంటనే వేరే థీమ్‌కు మార్చి ఆ వ్యాసాన్ని మళ్లీ తెరుస్తాను. ఒక్క బ్రాకెట్ మిగిలినా ఆ థీమ్ నాకు వద్దు. ఐదు నిమిషాల ఈ పరీక్ష ఆనాడు చేసి ఉంటే నాకు మూడు వారాలు మిగిలేవి.

ఇప్పటికే ఇలాంటి థీమ్‌లో ఇరుక్కున్నవారు కంగారుపడి పాత థీమ్‌ను తొలగించవద్దు. ముందు డేటాబేస్‌కు, ఫోటోల ఫోల్డర్‌కు బ్యాకప్ తీసుకోండి. మాయమైన విభాగం కావలసివస్తే పాత థీమ్‌ను కాసేపు మళ్లీ యాక్టివేట్ చేసి, టూల్స్ విభాగంలోని ఎక్స్‌పోర్ట్ ద్వారా ఆ రాతలను ఫైల్‌గా దింపుకోవచ్చు, నా పరిశీలన దినచర్య అలాగే చేతికి వచ్చింది. ఫోటోల మాలలు ఉన్న ప్రతి పేజీని పాత థీమ్‌లో ఉండగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఏ ఫోటో ఎక్కడ ఉండేదో తర్వాత అంకెలను బట్టి పోల్చుకోవడం చాలా కష్టం. ఆ పని నేను చేయకపోవడం వల్ల గ్రహణాల వ్యాసాలు రెండు ఇప్పటికీ ఫోటోలు లేకుండానే ఉన్నాయి.