మూడు చక్రాల వీల్‌చైర్: భూకంప బాధితుల కోసం పోగైన విరాళంతో కొనదగినదేనా?

భూకంపం వచ్చిన కొద్ది రోజులకే విరాళాల కోసం పిలుపులు మొదలవుతాయి. బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు, మందుల తర్వాత ఆ జాబితాలో తప్పకుండా కనిపించేది వీల్‌చైర్. పదిమంది కలిసి వేసుకున్న చందాతో ఏ రకం వీల్‌చైర్ కొనాలన్న చర్చ మాత్రం చాలా బృందాల్లో జరగదు. ఆసుపత్రి వరండాల్లో కనిపించే మడతపెట్టే రకాన్నే టోకున కొని, లారీకెక్కించి పంపుతారు. ఈ సమీక్ష ఎగుడుదిగుడు నేల కోసమే రూపొందించిన మూడు చక్రాల వీల్‌చైర్ గురించి, దానితో పాటు అందవలసిన సేవ గురించి. విరాళాలతో వచ్చిన ఇలాంటి వీల్‌చైర్లను బిగించి, మనుషులకు అమర్చే పనిలో ఫిజియోథెరపిస్టులకు సాయంగా పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. శిథిలాల మధ్య, మట్టిదారుల మీద తిరగవలసిన మనిషికి, చేతులతో తోసుకునే వీల్‌చైర్లలో నేను మొదట సిఫారసు చేసేది ఇదే. అయితే కొలతలు తీయకుండా, సరైన కుషన్ లేకుండా, ఒకే పూటలో వరుసగా నిలబెట్టి పంచితే మాత్రం ఇదే వీల్‌చైర్ ప్రాణం మీదికి తెస్తుంది.

భూకంపంలో ఇల్లు కూలి దూలమో రాతిగోడో మీద పడినప్పుడు వెన్నుపూస విరిగి, దాని లోపలి వెన్నుపాము దెబ్బతింటుంది. గాయపడిన మనిషిని హడావిడిగా శిథిలాల నుంచి లాగినప్పుడు ఆ దెబ్బ మరింత ముదరవచ్చు. 2005 అక్టోబరు 8న కశ్మీర్‌ను కుదిపేసిన 7.6 తీవ్రత భూకంపంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారు ఒక్క పాకిస్తాన్ వైపే ఆరువందలకు పైగా తేలారు, వారిలో ఎక్కువమంది స్త్రీలు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో వచ్చిన 7.8 తీవ్రత భూకంపం సుమారు 9,000 మందిని బలిగొని, 22,000 మందికి పైగా గాయపరిచింది. కాఠ్‌మండూ సమీపంలోని సాంగాలో ఉన్న వెన్నుపాము గాయాల పునరావాస కేంద్రం ఆ తర్వాత తన పడకలను బాగా పెంచుకోవలసి వచ్చింది. ఈ రెండు చోట్లా బాధితుల్లో చాలామంది కొండవాలు పల్లెలవారు. చికిత్స ముగిసి ఇంటికి వెళ్లే మనిషికి నున్నటి గచ్చు నేల ఎక్కడా ఉండదని, కొనేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది ఈ విషయమేనని నా అభిప్రాయం.

ఇక వీల్‌చైర్ సంగతి. ఆసుపత్రి రకంలో ముందుండే రెండు చిన్న చక్రాలు గట్టి రబ్బరువి, కూర్చున్నవారి పాదాల దగ్గరే ఉంటాయి. ఇటుకముక్క అడ్డొచ్చినా అవి ఠక్కున ఆగిపోతాయి. మనిషి ఒళ్లు మాత్రం ఆగదు, ముందుకు తూలుతుంది. తడి మట్టిలో అవే చక్రాలు దిగబడిపోతాయి. మూడు చక్రాల రకంలో ముందు ఒకటే చక్రం, అదీ వెడల్పుగా, పాదాలకన్నా బాగా ముందుకు జరిగి ఉంటుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి ముందుకు బోర్లాపడే ప్రమాదం చాలా తగ్గుతుంది. బరువులో అధికభాగం వెనుక పెద్ద చక్రాల మీద ఉండడంతో ముందు చక్రం నేలలోకి దిగకుండా రాళ్ల మీదుగా దొర్లిపోతుంది. ముక్కాలిపీట ఎంత గతుకు నేల మీదైనా ఊగకుండా నిలిచినట్టు, ఇది కూడా మూడు చక్రాలూ నేలకు ఆనించే నడుస్తుంది. నాలుగు చక్రాల బండిలో ఒక చక్రం గాలిలోకి లేచినప్పుడు కూర్చున్నవారి ముఖంలో కనిపించే భయం, దీనిలో కూర్చున్నవారిలో నాకు అరుదుగా కనిపించింది.

వెనుక చక్రాల ఇరుసును ముందుకూ వెనక్కూ జరిపే వీలుండడం దీనిలో నాకు నచ్చిన మరో గుణం. ఇరుసు ముందుకు జరిపితే చేతులకు శ్రమ తగ్గి బండి తేలికగా కదులుతుంది, కాని ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి తిరగబడే అవకాశం పెరుగుతుంది. వెనక్కి జరిపితే బండి స్థిరంగా ఉంటుంది, తోయడం బరువవుతుంది. కొత్తగా గాయపడిన మనిషికి మొదట వెనక జరిపి ఇచ్చి, బండి మీద పట్టు చిక్కాక కొంచెం కొంచెంగా ముందుకు తేవడం సరైన పద్ధతి. నాలుగు బోల్టుల పనే, కాని ఎవరో ఒకరు మళ్లీ వచ్చి చేయాలి. పంచి వెళ్లిపోయే బృందాల వల్ల జరగని పని ఇదే.

లోపాల విషయానికి వస్తే, మొదటిది పొడవు. తాత్కాలిక రేకుల షెడ్డులో, గుడారంలో, అన్నిటికన్నా ముఖ్యంగా మరుగుదొడ్డిలో ఇది తిరగదు. ఒక శిబిరంలో నేను చూసిన యువతి తన వీల్‌చైర్‌లో నీళ్ల కొళాయి దాకా, బడి దాకా ఎవరి సాయమూ లేకుండా వెళ్లివచ్చేది. షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కిందికి దిగి, అరచేతులు నేలకానించి ఒంటిని ఈడ్చుకుంటూ లోపలికి పోయేది. స్పర్శ లేని కాళ్లు గచ్చు మీద గీసుకుపోయి మడమల దగ్గర చర్మం లేచిపోయింది. గుమ్మానికి ఒక చెక్క వాలుపలక, మరుగుదొడ్డి తలుపు వెడల్పు చేయడం, లోపల పట్టుకోవడానికి ఒక ఇనుప గొట్టం, ఇవి వీల్‌చైర్ ధరలో చేరనివి కాబట్టి విరాళాల పట్టికలో కనిపించవు. వాటిని వీల్‌చైర్‌లో భాగంగానే లెక్కగట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను. రెండో లోపం, ముందు చక్రం ఒకటే కావడంతో, పక్కకు వంగి నేల మీది వస్తువు అందుకోబోతే ఒక మూలకు ఒరిగే ప్రమాదం ఉంది. ఈ సంగతి మొదటి రోజే చేసి చూపించాలి. పక్కవాలు నేల మీద ముందు చక్రం పల్లం వైపు తిరిగి బండిని లాక్కుపోవడం కూడా కొత్తవారిని ఇబ్బంది పెడుతుంది. బస్సులోకి ఎక్కించడం కష్టమే, అయితే వెనుక చక్రాలు ఊడదీసుకునే నమూనాల్లో కొంత నయం.

ఇంతవరకు చెప్పినదానికన్నా నేను ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చేది కుషన్‌కు. నడుము కింద స్పర్శ ఉన్న మనిషి ఒకేచోట చాలాసేపు కూర్చుంటే నొప్పి పుట్టి, తనకు తెలియకుండానే అటూ ఇటూ జరుగుతాడు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆ హెచ్చరిక అందదు. బరువంతా పిరుదుల కింది రెండు ఎముకల మీద పడి, అక్కడి చర్మానికి రక్తం అందక కొన్ని గంటల్లోనే ఒత్తిడి పుండు మొదలవుతుంది. అది లోతుకు పోయి ఎముకకు సోకితే ప్రాణాంతకమవుతుంది. భూకంపాన్ని తట్టుకుని, శస్త్రచికిత్సలు తట్టుకుని ఇంటికి చేరిన మనిషిని ఒక రేగ్జిన్ గుడ్డ సీటు చంపగలదన్న మాట ఎంత కఠినంగా వినిపించినా, విరాళం ఇచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పవలసిన మాట. కాబట్టి కుషన్ ముందువైపు ఎత్తుగా, వెనుకవైపు ఆ ఎముకలు దిగేందుకు పల్లంగా మలిచిన ఫోముతో ఉండాలి, తడి ఇంకని తొడుగు ఉండాలి.

అమర్చిన కుషన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలేవీ అక్కరలేదు. మనిషిని కూర్చోబెట్టి, పక్కనుంచి అరచేయి పైకి ఉండేలా వేళ్లను పిరుదు ఎముక కిందికి జొనిపి, వేలికొనలను పైకీ కిందికీ ఆడించి చూడాలి. ఐదు మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఆడితే క్షేమం. ఆడకపోయినా వేళ్లు సులువుగా బయటికి జారితే జాగ్రత్త పడాలి. వేళ్లు బిగుసుకుపోతే ఆ కుషన్ మీద ఆ మనిషిని కూర్చోనివ్వకూడదు. ఒక యువకుడి విషయంలో ఫిజియోథెరపిస్టు వేళ్లు ఇలాగే బిగుసుకుపోయాయి. వీల్‌చైర్ అతని కొలతలకు సరిపోయినదే, కుషన్ కూడా మంచిదే. తొడుగు తీసి చూస్తే, ఉతికిన తర్వాత ఇంట్లోవాళ్లు ఫోమును వెనుకది ముందుకు తిప్పి పెట్టారని తేలింది. సరిగ్గా తిప్పి కూర్చోబెట్టగానే వేళ్లు ఆడాయి. ఫోము మీద ఏది ముందో తెలిపే ఒక గుర్తు సరఫరాదారు వేసి ఉంటే ఆ ఇంటివాళ్లకు ఆ చిక్కు వచ్చేదే కాదు. సరుకు అందుకోగానే మార్కర్‌తో బాణం గుర్తు వేయడం ఏ బృందమైనా చేయగలిగిన పని.

మన్నిక గురించి తయారీదారును ఒక ప్రశ్న తప్పక అడగండి: వీల్‌చైర్ల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 7176లోని ఎనిమిదో భాగం ప్రకారం పరీక్ష జరిగిందా? ఆ పరీక్షలో వీల్‌చైర్‌ను దిమ్మెలు అమర్చిన డ్రమ్ముల మీద 2,00,000 సార్లు తిప్పుతారు, ఆ పైన 6,666 సార్లు నేలకు పడేస్తారు. నివేదిక చూపించలేనివారి దగ్గర కొనకపోవడమే మంచిది. వెనుక టైర్లు, ట్యూబులు సైకిల్ కొలతల్లో ఉంటే పంక్చర్ ఎక్కడైనా వేయించుకోవచ్చు. ముందు చక్రం బేరింగులు మాత్రం దుమ్ముకు త్వరగా అరుగుతాయి, అదనంగా కొని ఉంచాలి.

సేవ విషయంలో కొలబద్ద కొత్తగా తయారు చేసుకోనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు వీల్‌చైర్ అందించడాన్ని ఎనిమిది దశలుగా చెప్పాయి: అవసరమైనవారిని గుర్తించి పంపడం, పరీక్షించి కొలతలు తీయడం, తగిన రకాన్ని నిర్ణయించడం, నిధులు సమకూర్చి ఆర్డరు పెట్టడం, బండిని సిద్ధం చేయడం, మనిషికి అమర్చడం, వాడకం నేర్పడం, తర్వాత మరమ్మతులు చూసుకుంటూ మళ్లీ మళ్లీ కలవడం. 2023లో అదే సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇస్తూ ప్రపంచంలో సుమారు 8 కోట్ల మందికి వీల్‌చైర్ అవసరమనీ, దేశాన్ని బట్టి వారిలో 5 నుంచి 35 శాతం మందికే అది అందుతోందనీ అంచనా వేసింది. విరాళాల బృందాలు సాధారణంగా మోసేది ఆ ఎనిమిదిలో నాలుగో దశను ఒక్కదాన్నే. మిగిలిన ఏడింటికి స్థానికంగా ఒక పునరావాస కేంద్రమో, శిక్షణ పొందిన సిబ్బందో ఉన్నారని తేల్చుకున్న తర్వాతే డబ్బు కదలాలి. ఎన్ని వీల్‌చైర్లు పంచామన్న సంఖ్యకు బదులు, ఆరునెలల తర్వాత ఎంతమంది పుండ్లు లేకుండా ఆ వీల్‌చైర్‌లో తిరుగుతున్నారన్న సంఖ్యను దాతలకు చెప్పగలిగే సంస్థనే నేను నమ్ముతాను. దాతల్లో ఎవరూ దానికి అభ్యంతరం చెప్పగా నేను చూడలేదు; ఆ లెక్క ఎందుకు ముఖ్యమో వివరిస్తే, కుషన్ల కోసమని మళ్లీ ఇచ్చినవారే ఎక్కువ.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. భూకంపం తర్వాత గాయపడినవారిలో వెన్నుపాము బాధితులకన్నా కాళ్లెముకలు విరిగినవారే ఎక్కువ, వారికి వీల్‌చైర్ కావలసింది ఎముక అతికేదాకానే. అలాంటివారికి మడతపెట్టే ఆసుపత్రి వీల్‌చైర్ చాలు. కాలు చాపి పెట్టుకునే అమరిక ఉన్నది కొని, అవసరం తీరగానే తిరిగి తీసుకుని ఇంకొకరికి ఇచ్చే పద్ధతిలో ఆసుపత్రికి అప్పగించవచ్చు. కాలు కోల్పోయినవారి సంగతి మరో రకం: ముందున్న కాళ్ల బరువు తగ్గడంతో బండి వెనక్కి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది, వారికి ఇరుసు వెనక్కి జరపక తప్పదు. పిల్లలకు పెద్దల కొలతల బండి ఇవ్వనే కూడదు, ఇచ్చినది కూడా ఎదుగుదలను బట్టి మార్చాలి. వాడేసిన వీల్‌చైర్లు ఇళ్లలోంచి సేకరించి పంపడం మంచి మనసుతో చేసే పనే అయినా, పది రకాల బండ్లకు పది రకాల విడిభాగాలు దొరకవు కాబట్టి నేను దాన్ని ప్రోత్సహించను. వాటి రవాణాకయ్యే డబ్బే పంపడం మేలు.

మొత్తం మీద, సొంత ఊరికి తిరిగి వెళ్లి ఎక్కువ కాలం ఆరుబయట తిరగవలసినవారికి, చేతుల్లో బలం ఉన్నవారికి, నడుము నిలిపి కూర్చోగలవారికి మూడు చక్రాల వీల్‌చైర్‌కు నేను ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని చేతులు కూడా బలహీనపడినవారికి, ఇరుకు గదుల్లోనే గడిపేవారికి దీన్ని ఇవ్వకూడదు. కొనే బృందం సరఫరా సంస్థతో చేసుకునే ఒప్పందంలో మలిచిన కుషన్‌ను, దానికి రెండు తొడుగులను, గాలి పంపును, పానాలను, ముందు చక్రం బేరింగులను వీల్‌చైర్‌తో పాటే రాయించుకోవాలి. సొమ్ములో ఒక వాయిదాను ఆపి, ఆరునెలల తర్వాత సిబ్బంది ఇంటింటికీ వెళ్లి వేళ్లతో పరీక్షించి రాసిన పట్టిక చేతికి వచ్చాకే చెల్లించాలి.