ఆరేళ్లుగా గ్యాస్ డెక్ ఓవెన్: మంటతో కాదు, గాలితోనే మా తిప్పలు

మా బేకరీలో మూడు డెక్కుల (ఒకదాని మీద ఒకటి ఉండే అరల) ఎల్‌పీజీ ఓవెన్ ఆరేళ్లుగా రోజుకు పది గంటలు మండుతోంది. ఓవెన్ మీద పెద్ద ఫిర్యాదేం లేదు. కింది డెక్‌లో ఎడమ మూల కాస్త ఎక్కువ కాలుతుంది, ట్రే తిప్పుకుంటే సరిపోతుంది. వేడిని పసిగట్టే థర్మోకపుల్ రెండుసార్లు మార్చాం, అంతే. మమ్మల్ని ఏడిపించింది దాన్ని బిగించిన తీరు.

మొదట్లో ఫిట్టర్ పొగగొట్టాన్ని తీసుకెళ్లి నేరుగా ఎగ్జాస్ట్ డక్ట్‌లో కలిపేశాడు. చూడ్డానికి నీట్‌గా ఉందని మేమూ సంబరపడ్డాం. తీరా ఫ్యాన్ వేస్తే అది ఓవెన్ లోపలి వేడినంతా లాగేసేది, బర్నర్ మంట ఊగిపోయేది, బర్నర్‌ని వెలిగించే చిన్న మంట, అదే పైలట్, ఆరిపోయేది. మాన్యువల్ తీస్తే (కొన్న రోజే చదవాల్సింది, ఎవరు చదువుతారండీ!) గొట్టం హుడ్ (పైన పొగను పట్టే గొడుగు లాంటిది) కిందే ఆగాలి, మధ్యలో ఖాళీ ఉండాలి అని బొమ్మతో సహా ఉంది. కోయించాం.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. వేడి తగ్గడం లేదని పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం, చలికి కిటికీలు మూసేశాం. పదకొండయ్యేసరికి అందరికీ తలనొప్పి, బయటికెళ్తే తగ్గేది. నిద్ర చాలక అనుకున్నాం. బయటికి తెరుచుకునే వెనక తలుపు తోయాలంటే భుజం ఆనించాల్సి వచ్చేది, అది కూడా పట్టించుకోలేదు. మంట కొసలు పసుపు రంగుకు తిరిగాక టెన్షన్ పడి టెక్నీషియన్‌ని పిలిచాం. ఆయన ఓ సన్నటి కాగితం ముక్క గొట్టం దగ్గర పట్టుకున్నాడు. అది హుడ్ వైపు పోవాల్సింది పోయి మా వైపు ఎగిరింది. అంటే పొగ వెనక్కి వస్తోందన్నమాట. వెనక తలుపు జానెడు తెరవగానే గాలి ఈల వేస్తూ లోపలికొచ్చింది, కాసేపటికి మంట నీలంగా నిలబడింది. ప్రొపేన్ ఒక వంతు కాలడానికి దాదాపు 24 వంతుల గాలి కావాలట. మేమేమో ఉన్న గాలిని బయటికి తోసేసి, కొత్త గాలి వచ్చే దారి మూసేసి కూర్చున్నాం! ఆ తలనొప్పి, గాలి చాలక గ్యాస్ సరిగ్గా కాలనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పని. దానికి రంగూ వాసనా ఉండవు.

ఇప్పుడు బయటి గాలి లోపలికి తెచ్చే ఫ్యాన్ ఉంది, ఎగ్జాస్ట్ ఆగితే గ్యాస్ దానంతటదే ఆగిపోయేలా ఇంటర్‌లాక్ కూడా ఉంది. కరెంటు పోతే ఓవెన్‌లో ఉన్న సరుకంతా పాడవుతుంది, చిరాకే, అయినా తీసేయం. గ్యాస్ డిటెక్టర్‌ని ముందు ఎవరో పైకప్పు దగ్గర పెట్టారు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి కిందికి దించాం. పైన పెట్టాల్సింది సహజవాయువు వాడేవాళ్లు. ఈ డిటెక్టర్ కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టదు, దానికి వేరే అలారం. పైపు విప్పి బిగించిన ప్రతిసారీ జాయింట్లకు సబ్బునీళ్లు రాసి బుడగలు చూస్తాం.

ఓవెన్‌కి ఐదుకి నాలుగు. బిగింపుకి మొదటి ఏడాదికైతే ఒకటి కూడా దండగే. కొత్త ఫ్యాన్‌తో ఒక ఇబ్బంది: చల్లగాలి సరిగ్గా పిండి బల్ల మీదే కొట్టి ముద్దలు పైన ఎండిపోయేవి. దాని జాలీని గోడ వైపు తిప్పించాం.