నాలుగేళ్లు, 71 వేల కిలోమీటర్ల తర్వాత నా కారు మీది పీపీఎఫ్

2021 ఆగస్టులో నలుపు రంగు క్రెటా తీసుకున్నాను. బండి ఇంటికి వచ్చిన నెలలోపే దాని ఒళ్లంతా పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, అంటే అందరూ పీపీఎఫ్ అని పిలిచే, రాళ్ల దెబ్బల నుంచి పెయింట్‌ను కాపాడే పారదర్శకమైన పొర, వేయించాను. జీఎస్‌టీతో కలిపి 1,18,000 రూపాయలు అయింది. అదే నిర్ణయం ఈరోజు తీసుకోవలసి వస్తే బండి ముందు భాగానికి మాత్రమే వేయించి, మిగిలిన డబ్బును జేబులోనే ఉంచుకుంటాను. ఫిల్మ్ పనికిరానిదని దీని అర్థం కాదు. పనికివచ్చిన చోట అది చాలా బాగా పనిచేసింది, కానీ ఆ చోటు బండిలో మూడో వంతుకు మించి లేదు.

నా ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు ఉండేది విజయవాడ దగ్గర. నెలకు రెండుసార్లు 65వ నంబరు జాతీయ రహదారి మీద రానుపోను ప్రయాణం తప్పదు. కాబట్టి మీటరులోని 71 వేల కిలోమీటర్లలో 50 వేలకు పైగా ఆ ఒక్క దారిలో తిరిగినవే. పట్టా కప్పకుండా కంకర వేసుకుని పోయే టిప్పర్ల వెనుక గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లినవారికి వేరే వివరణ అక్కరలేదు. నా పాత కారు అయిదో ఏడు వచ్చేసరికి ఎగిరిపడే రాళ్లు తగిలి బానెట్ ముందు అంచు మీద ఆవాలు చల్లినట్లు చుక్కలు పడ్డాయి, వాటిలో రెండు మూడు తుప్పు కూడా పట్టాయి. కొత్త బండికి ఆ గతి పట్టకూడదన్న పంతమే నన్ను ఫిల్మ్ దాకా తీసుకువెళ్లింది.

షాపుల్లో చెప్పే మాటలకు లొంగకుండా ఉండాలంటే కొన్ని కొలతలు తెలిసి ఉండడం మంచిది. ఫ్యాక్టరీలో వేసే పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది, అందులో మెరుపునిచ్చే పై పొర అయిన క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. మంచి పీపీఎఫ్ థర్మోప్లాస్టిక్ పాలీయూరితేన్‌తో, అంటే టీపీయూతో, 150 నుంచి 200 మైక్రాన్ల మందంలో వస్తుంది. రాయి దెబ్బను సాగి తట్టుకునేది ఆ మందమే. షాపుల్లో చెప్పే మరో రక్షణ సెరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద పూసే ద్రవ పూత. దాని మందం మహా అయితే కొద్ది మైక్రాన్లు. దానివల్ల నీరు జారిపోతుంది, మెరుపు నిలుస్తుంది, కడగడం తేలికవుతుంది, కానీ అది రాయిని ఆపదు. ఆపుతుందని చెప్పే షాపు నుంచి బయటకు వచ్చేయవచ్చు. అలాగే సగం ధరకే బండి మొత్తానికి వేస్తామంటే అది చవకరకం ప్లాస్టిక్ అయిన పీవీసీ ఫిల్మ్ కావచ్చని అనుమానించాలి. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక తెల్ల కారుకు అలాంటిది వేయించారు. రెండో వేసవికే ఆ కారు పాతబడిన ప్లాస్టిక్ బకెట్ రంగులోకి మారింది.

వేసే పనికి మూడు రోజులు పట్టింది, అందులో ఒక పూట నేను అక్కడే కూర్చుని చూశాను. బేబీ షాంపూ కలిపిన నీళ్లు ప్యానెల్ మీద చల్లి, ఫిల్మ్‌ను దాని మీద తేలనిచ్చి, అటూ ఇటూ జరిపి కుదిరాక రబ్బరు అంచున్న స్క్వీజీతో మధ్య నుంచి అంచులకు నీటిని తోసేస్తారు. అంచుల దగ్గర ఆల్కహాల్ కలిపిన నీళ్లు కొట్టి జిగురును పట్టిస్తారు. చూడటానికి నోట్‌బుక్‌కు అట్ట వేసినంత తేలికగా అనిపిస్తుంది గాని, బంపర్ వంపుల దగ్గర ఎంత లాగాలో, ఎక్కడ వదలాలో చేతికి తెలియాలి. ఫిల్మ్‌ను కారు మోడల్ కొలతల ప్రకారం ప్లోటర్ యంత్రం మీద ముందే కత్తిరించి తెస్తారా, లేక బండి మీద పరిచి బ్లేడుతో కోస్తారా అన్నది నేను ఆ రోజు అడగలేదు. బ్రాండు గురించి, వారంటీ గురించి పది ప్రశ్నలు వేసిన నేను అడగవలసిన ఆ ఒక్క ప్రశ్న వదిలేశాను. దాని ఫలితం తర్వాత చెబుతాను.

తొలి పరీక్ష నెల తిరగకుండానే దసరాకు ఎదురైంది. ఆయుధ పూజ నాడు అమ్మ తడి పసుపుతో బానెట్ మీద స్వస్తిక్ వేసి, కుంకుమ బొట్లు పెట్టింది. మర్నాడు కడిగితే పెయింట్ మీద అయితే పోయేదేమో గాని, ఫిల్మ్ పై పొర పసుపును పీల్చుకుంది. షాంపూతో రెండుసార్లు రుద్దినా లేత పసుపుపచ్చ స్వస్తిక్ అలాగే ఉంది. లక్ష రూపాయలు పోసిన వస్తువు నెలకే ఇలా అయిందని రెండు రోజులు బాధపడ్డాను. పసుపు రంగు ఎండకు నిలవదన్నది ఇంట్లో పసుపు మరక పడిన చీరను ఎండలో ఆరేసే ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతే. బండిని ఎండలో పెట్టమని అమ్మే చెప్పింది, మూడు వారాల్లో మరక పోయింది. కుంకుమలో కలిసిన రంగు మాత్రం ఒక చోట గులాబీ ఛాయగా ఏడాది పాటు కనిపించింది. అప్పటి నుంచి ఫిల్మ్ మీద కాకుండా నంబరు ప్లేటు మీద, అద్దం మీద బొట్టు పెడుతున్నాము.

రాళ్ల విషయంలో ఫిల్మ్ మాట నిలబెట్టుకుంది. బానెట్ ముందు అంచున, బంపర్ మీద వెతికితే చిన్న చిన్న నొక్కులు పదిహేను దాకా కనిపిస్తాయి. రెండు చోట్ల ఫిల్మ్ చిరిగింది. సూర్యాపేట దాటాక ఎదురు లారీ చక్రం నుంచి ఎగిరిన రాయి ఒకటి తుపాకీ పేలినట్లు శబ్దం చేసి తగిలింది, బండి పక్కకు ఆపి చూస్తే ఫిల్మ్ మీద చంద్రవంక ఆకారంలో కోత ఉంది, కింద పెయింట్ మీద గీత కూడా లేదు. వర్షాకాలం రాత్రుళ్లు వరి చేల మధ్య నుంచి వచ్చినప్పుడు బంపర్‌కు అంటుకునే పురుగుల మరకలు కూడా తడి గుడ్డ కాసేపు వేసి ఉంచితే సులువుగా వచ్చేస్తున్నాయి.

ఫిల్మ్ మీద పడిన గీతలు వేడికి వాటంతట అవే మాయమవుతాయని షాపుల్లో చెబుతారు, ఆ మాటకు హద్దులున్నాయి. మా వాచ్‌మన్ రోజూ పొడి గుడ్డతో దుమ్ము తుడవడం వల్ల పడే సన్నని గీతలు మే నెల ఎండకు నిజంగానే పోతాయి, వేడినీళ్లు పోస్తే కళ్ల ముందే పోతాయి. నల్ల బండి ఉన్నవారికి ఇది చిన్న సుఖం కాదు. కానీ పార్కింగ్‌లో స్కూటర్ హ్యాండిల్ రాసుకుని తలుపు మీద పడిన గీత ఫిల్మ్‌ను చీల్చింది. ఆ ముక్క మార్చడానికి షాపువారు చెప్పిన ధర తలుపుకు పెయింట్ వేయించే ధరకంటే ఎక్కువ. ఇక బోరు నీళ్ల ఉప్పు మరకలు, పిట్టరెట్టలు పెయింట్‌ను పాడుచేసినట్లే ఫిల్మ్‌నూ పాడుచేస్తాయి. కడిగిన వెంటనే ఆరబెట్టాలన్న నియమం ఫిల్మ్ వేయించినంత మాత్రాన తప్పదు.

2023లో సిగ్నల్ దగ్గర వెనుక నుంచి ఒక ఆటో గుద్దింది. విడిభాగాల పాతదనానికి కోత వేయని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉండడంతో వెనుక బంపర్‌కు, డిక్కీ తలుపుకు అయిన ఖర్చు బీమాలో వచ్చింది, వాటి మీది ఫిల్మ్ ఖర్చు మాత్రం రాలేదు, ఎందుకంటే అది పాలసీలో ఎక్కడా నమోదై లేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, పెయింటింగ్‌కు ముందు డిక్కీ మీది ఫిల్మ్ ఒలిచినప్పుడు నంబరు ప్లేటు గుంట చుట్టూ వెంట్రుకంత సన్నని గీత కనిపించింది. గోరు పెట్టి చూస్తే తగులుతోంది. ఫిల్మ్‌ను బండి మీదే పెట్టి కోసిన బ్లేడు క్లియర్ కోట్‌లోకి దిగిన గుర్తు అది. షాపుకు వెళ్లి అడిగితే, "కొన్నప్పటి నుంచే ఉండి ఉంటుంది సార్" అన్నారు. పెయింట్‌ను కాపాడమని డబ్బిచ్చి దాన్నే కోయించుకున్నానన్నమాట. అందుకే ఎవరు సలహా అడిగినా ఏ కంపెనీ ఫిల్మ్ అన్నది తర్వాత, కోసేది యంత్రమా చెయ్యా అన్నది ముందు అడగమంటున్నాను. రెండేళ్ల క్రితం వేసిన బండి ఒకటి చూపించమని అడగడం కూడా మంచిది. ఈరోజు వేసింది ప్రతిదీ అందంగానే ఉంటుంది.

ఇప్పుడు లెక్క. బీమా పనికి వెళ్లిన వర్క్‌షాప్‌లోనే ఒక ప్యానెల్ పెయింటింగ్‌కు 5,500 రూపాయలు వేశారు. బానెట్, రూఫ్, డిక్కీ, నాలుగు తలుపులు, ముందు చక్రాల పైన ఉండే రెండు ఫెండర్లు, వెనుక చక్రాల పైన ఉండే రెండు క్వార్టర్ ప్యానెళ్లు, రెండు బంపర్లు కలిపి పదమూడు. బండి మొత్తం మళ్లీ పెయింట్ చేయించినా 71,500 రూపాయలే. ఫిల్మ్‌కు నేను పెట్టింది 1,18,000. ఈ లెక్క ఒక్కటే చూడకూడదన్నది నిజమే. ఫ్యాక్టరీ పెయింట్‌ను 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు, వర్క్‌షాప్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు, ఆ గట్టిదనం మళ్లీ రాదు. అయినా రాళ్లు తగిలేది ముందు భాగానికే. తలుపులకు, రూఫ్‌కు లక్షలో అధిక భాగం ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను.

అమ్మేటప్పుడు కలిసి వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. గత నెల ధర తెలుసుకుందామని పాత కార్ల కంపెనీ మనిషిని పిలిపిస్తే, అతను పెయింట్ మందం కొలిచే యంత్రం తలుపు మీద పెట్టాడు. 305 మైక్రాన్లు చూపింది. అంత మందం ఉందంటే మళ్లీ పెయింట్ వేసినట్లేనని, రీపెయింట్ అని రాసుకోబోతుంటే ఆపి, ఫిల్మ్ ఉందని చెప్పి, అంచు కొద్దిగా లేపి చూపించవలసి వచ్చింది. ఆ అంచు దగ్గర 115 చూపిన తర్వాతే నమ్మాడు, ధర మాత్రం ఒక్క రూపాయి పెంచలేదు.

నెలకు వెయ్యి కిలోమీటర్లు హైవే మీద తిరిగేవారు, బండిని ఆరేడేళ్లు ఉంచుకునేవారు, బంపర్, బానెట్, ఫెండర్లు, సైడ్ మిర్రర్లు, డోర్ హ్యాండిల్ వెనుక గోటి గీతలు పడే గుంటలు, ఇంత వరకు టీపీయూ ఫిల్మ్ వేయించుకోవచ్చు. ఊళ్లోనే తిరిగే బండికి అదీ అవసరం లేదు. ఇదివరకే వర్క్‌షాప్‌లో మళ్లీ పెయింట్ వేయించిన ప్యానెల్ ఉంటే దాని మీద అసలే వద్దు, ఒలిచేటప్పుడు పెయింట్ కూడా ఊడి రావచ్చు.

నా బండి ముందు భాగానికి వచ్చే నెల కొత్త ఫిల్మ్ వేయిస్తున్నాను. తలుపుల మీదిది ఇంకా బాగానే ఉంది. రూఫ్ మీదిది మాత్రం నాలుగు వేసవులకు మసకబారి, అంచుల్లో జిగురు ఎండి గట్టిపడుతోంది. ఇంకా ఆలస్యం చేస్తే ముక్కలు ముక్కలుగా వస్తుందట, అందుకని ఇప్పుడే తీయించాలి. ఏ రాయీ తగలని రూఫ్ మీది ఫిల్మ్‌ను ఒలవడానికి షాపతను నాలుగు వేలు అడిగాడు.