వంటింట్లో కాటా, చేతికి వాచీ: 14 నెలల వాడకం తర్వాత

రూ.500 లోపే దొరికిన వంటింటి డిజిటల్ కాటా ఒకటి, దానికి ఎన్నో రెట్లు ఖరీదు చేసే స్మార్ట్ వాచీ ఒకటి. కాటాను 14 నెలలుగా వాడుతున్నాను. వాచీ ఐదో నెలలో వచ్చింది. కాటా వల్ల బరువు తగ్గాను. వాచీ అంకెలు నమ్మి ఏడు వారాలు పోగొట్టుకున్నాను.

మాది అనంతపురం. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కాపురం. నాకు 43 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. షుగర్ అంచుకు వచ్చిందని డాక్టర్ గారు చెప్పిన రోజు 78 కిలోలు ఉన్నాను. ఇప్పుడు 69.

ముందు నా ఒంటికి రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయో లెక్క వేసుకున్నాను. 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసేయాలి. ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయాలి. నాకు 1,390 వచ్చింది. ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంటికి రోజుకు అన్ని క్యాలరీలు కావాలన్నమాట. కొద్దిపాటి నడక ఉన్నవాళ్లు దాన్ని 1.375తో గుణించాలి. అలా 1,900 తేలింది. తినేది 1,450 దగ్గర పెట్టుకున్నాను. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు కాబట్టి కాగితం మీద నెలకు 1.7 కిలోలు తగ్గాలి. మొదటి నెలల్లో నిజంగా తగ్గింది 1.2. అది చాలు అనిపించింది.

కాటా పెట్టిన మొదటి రోజే నా కళ్లు ఎంత తప్పు చెప్తున్నాయో తెలిసింది. 'కొంచెమే అన్నం' అనుకుని పెట్టుకున్నది 390 గ్రాములు తూగింది, అంటే దాదాపు 500 క్యాలరీలు. బీరకాయ కూర తాలింపుకు చేతివాటంగా పోసిన నూనె 35 గ్రాములు. గ్రాముకు 9 చొప్పున 315. బీరకాయలో ఏముంది, అంతా నీళ్లే. లెక్కంతా నూనెదే. ఇడ్లీ తేలికే గానీ పక్కన వేసుకునే పల్లీల చట్నీ తేలిక కాదు, 30 గ్రాముల పల్లీలకే 160 దాకా అవుతుంది. మా నలుగురికీ నెలకు నాలుగు లీటర్ల నూనె అయ్యేది. మనిషికి రోజుకు 30 గ్రాములు! ఇప్పుడు రెండున్నర లీటర్లతో సరిపోతోంది. మా ఇంట్లో ఇంతకంటే మంచి మార్పు ఇంకేదీ జరగలేదు.

"ఏందమ్మా, బంగారం తూచినట్టు తూస్తాండావు" అనేవారు అత్తమ్మ. రుచి ఏమీ తగ్గలేదని చూశాక తాలింపు నూనె ఆవిడే తూచి పోస్తున్నారు.

అందరికీ కలిపి వండిన కూరలో నా వంతు లెక్క ఎలా? ఖాళీ గిన్నెల బరువులన్నీ రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. కూర అయ్యాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేస్తాను. వేసిన సరుకుల క్యాలరీలు ఆ బరువుకు పంచితే 100 గ్రాములకు ఎంతో వస్తుంది. పచ్చి సరుకుల విలువలకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు చూస్తాను. వాటిలో శక్తి కిలోజూళ్లలో ఉంటుంది, 4.18తో భాగించుకోవాలి. బియ్యానికి 1,491 అని ఉంటే 356 క్యాలరీలు అని అర్థం. మొదటి నెల ఇది విసుగే. తర్వాత వారానికి రెండు మూడు కొత్త వంటలకు తప్ప లెక్క వేసే పని పడలేదు.

కాటాలో లోపాలూ ఉన్నాయి. నూనె సన్నగా, నెమ్మదిగా పోస్తే అంకె కదలదు. అందుకే నూనె సీసానే కాటా మీద పెట్టి, వాడక ముందు ఒకసారి, వాడాక ఒకసారి తూస్తాను. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే ఆగిపోతుంది, సున్నా చేసి పెట్టుకున్నది పోతుంది. సెల్ బలం తగ్గినప్పుడు తప్పు బరువు చూపిస్తుంది. అనుమానం వస్తే అర లీటరు పాల ప్యాకెట్ పెట్టి చూస్తాను. పాలే 515 గ్రాములు ఉంటాయి, కవరుతో ఇంకాస్త ఎక్కువ చూపాలి.

ఇక వాచీ. ఐదో నెలలో మా ఆయన కొనిచ్చారు. అగర చెరువు దగ్గర గంట నడిస్తే 380 క్యాలరీలు ఖర్చయినట్టు చూపేది. అంత కరిగింది కదా అని సాయంత్రం దర్శిని హోటల్లో మసాలా దోసె తినేదాన్ని. ఏడు వారాలు 73 దగ్గరే ఆగిపోయాను. ఒకటే టెన్షన్. కారణం తర్వాత తెలిసింది. నా బరువుకు గంట నడక వల్ల అదనంగా అయ్యే ఖర్చు 180 దాకానే. అదీ నేను మొదట వేసుకున్న 1,900లో కలిసే ఉంది. ఒకే నడకను రెండుసార్లు లెక్క కట్టాను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు రకాల పరికరాలను పరీక్షిస్తే, అన్నింటిలోకీ మెరుగైనదే క్యాలరీల ఖర్చులో సగటున 27 శాతం తప్పింది. అన్నింటికంటే అధ్వానమైనది 93 శాతం. గుండె వేగం మాత్రం చాలావరకు సరిగ్గానే చూపాయి. ఇప్పుడు అడుగులు చూసుకోవడానికే వాచీ పెట్టుకుంటున్నాను. నడక మానలేదు, దాన్ని తిండితో చెల్లు వేయడం మానేశాను. బరువు తగ్గినకొద్దీ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి, 69కి వచ్చాక ఆ 1,900 కాస్తా 1,790 అయింది.

డాక్టర్ గారు 1,200 కంటే కిందికి దిగవద్దన్నారు. ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి పోకండి. అన్నం తగ్గించిన చోట పప్పు, గుడ్డు, పెరుగు పెంచకపోతే ఆకలికి తట్టుకోలేరు.

కాటా కొనేముందు నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. తొమ్మిదో నెలలో ఒకరోజు మా పాప, 14 ఏళ్లది, తన చపాతీ తీసుకెళ్లి కాటా మీద పెట్టింది. "అమ్మా, ఇది ఎక్కువా?" అంది. గుండె ఝల్లుమంది. ఎదిగే పిల్ల అది. ఆ రోజు నుంచి భోజనాల దగ్గర అంకెలు మాట్లాడటం మానేశాం. లావు, సన్నం అనే మాటలూ మానేశాం. నాకిప్పుడు బియ్యం, నూనె, పల్లీలు తప్ప మిగతావి తూచే అవసరం లేదు. ఆ మూడూ పొద్దున్నే, పాప లేవకముందే తూచేసి, కాటాను పై అరలో డబ్బాల వెనక పెట్టేస్తున్నాను.