సంజీవయ్య పార్క్: అత్తయ్య మోకాలికీ, మా చిన్నోడి పరుగుకీ సరిపోయిన నడక

అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక మూడో నెలలో డాక్టరు గారు రోజూ కాసేపు బయట నడవమన్నారు. మేముండేది హైదరాబాద్ హఫీజ్‌పేటలో. అపార్ట్‌మెంట్ గేటు దాటితే బండ్లు, కుక్కలు, ఎగుడుదిగుడు రోడ్డు. పడిపోతానేమోనని ఆవిడకు టెన్షన్, పడిపోతారేమోనని నాకు. పైగా నాలుగేళ్ల చిన్నోడిని ఇంట్లో ఒక్కణ్ని వదల్లేం. వాడికి పరిగెత్తడానికి జాగా కావాలి, ఆవిడకు పది నిమిషాలకోసారి కూర్చోవడానికి చోటు కావాలి. ఈ రెండూ ఒక్కచోట దొరికింది హుస్సేన్‌సాగర్ ఉత్తరపు ఒడ్డున ఉన్న సంజీవయ్య పార్క్‌లోనే. ఆరు నెలలుగా దాదాపు ప్రతి ఆదివారం వెళ్తున్నాం. ఇంట్లో పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ ఇద్దరూ ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నేల గురించి చెప్పాలి. మొదట మేం కేబీఆర్ పార్క్‌కు వెళ్లాం. ఆ చెట్ల నీడ, ఆ నెమళ్లు ఇంకెక్కడా రావు. కానీ అది రాతి నేల, దారి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఆపరేషన్ అయిన కాలికి ఎక్కడం కంటే దిగడమే కష్టమని నాకు అక్కడే తెలిసింది. దిగే ప్రతి చోటా అత్తయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నారు. సంజీవయ్య పార్క్ 92 ఎకరాలు. మేం నడిచే దారి మొత్తం దాదాపు చదునుగానే ఉంటుంది. చెప్పులతో నడవొచ్చు, చేతికర్ర జారదు. మొదటి రోజు ఆవిడ గేటు నుంచి కొంత దూరం నా చెయ్యి పట్టుకునే వచ్చారు. తర్వాత ఎప్పుడు వదిలేశారో నేను గమనించలేదు.

మేం దూరాన్ని బెంచీలతో లెక్కపెడతాం. "ఆ బెంచీ కాడికి పోదాం పా" అంటారు అత్తయ్య, కర్నూలు మాటలో. మొదటి వారాల్లో రెండో బెంచీ దగ్గరే ఆగిపోయేవాళ్లం. పోయిన ఆదివారం నాలుగో బెంచీ దగ్గర నేను సంచి దింపి నీళ్ల సీసా తీసేలోపే, నాయనమ్మా మనవడూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఐదో బెంచీ వైపు వెళ్లిపోతున్నారు. నేను వెనకాల పరిగెత్తాను.

చిన్నోడికి ఈ పార్క్ అంటే జెండానే. 2016 జూన్ 2న, తెలంగాణ అవతరణ దినోత్సవం నాడు, ఇక్కడ 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా ఎగరేశారు. జెండా గుడ్డే 108 అడుగుల పొడవు, 72 అడుగుల వెడల్పు. దూరం నుంచి చూస్తే ఇంత పెద్దదని అనిపించదు. కింద నిలబడితే తెలుస్తుంది. గాలి వీచినప్పుడు ఎవరో పెద్ద తడి దుప్పటి దులుపుతున్నట్టు చప్పుడు. మా వాడు జెండా వైపు చూడడు, దాని నీడ వైపు చూస్తాడు. ఎండ కాస్త ఎక్కాక ఆ నీడ గడ్డి మీద అలలా అటూ ఇటూ కదులుతుంటుంది. వాడు దాని అంచు తొక్కాలని పరిగెడతాడు. కాలు పెట్టేలోపు అది జరిగిపోతుంది. "దొరకట్లేదు నానమ్మా!" అని అరుస్తాడు. ఇరవై నిమిషాలు ఇదే ఆట. ఇంట్లో ఫోన్ లేకుండా వాడు ఇంతసేపు ఉండటం నేను చూడలేదు. ఒక్కోసారి జెండా దించి ఉంటుంది. ఆ రోజు మాత్రం వాణ్ని గులాబీ తోట వైపు తీసుకెళ్లి ఊరడించాల్సి వస్తుంది.

నీళ్ల ఒడ్డుకు చేరాక అందరం కూర్చుంటాం. ఎదురుగా నీళ్ల మధ్య బుద్ధుడు. "ఆయన్ని అక్కడ ఎవరు పెట్టారు?" అని మా వాడు ప్రతి వారం అడుగుతాడు, అత్తయ్య ప్రతి వారం మొదటిసారి చెబుతున్నట్టే చెబుతారు. 1990 మార్చిలో విగ్రహాన్ని తీసుకెళ్తుండగా బల్లకట్టు ఒరిగి, విగ్రహం నీళ్లలో పడిపోయింది. మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. రెండున్నరేళ్లకు పైగా బుద్ధుడు సాగర్ అడుగునే ఉండి, 1992 డిసెంబరులో మళ్లీ లేచి నిలబడ్డాడు. "అన్ని రోజులు నీళ్లలో చలెయ్యలేదా?" అని వాడి ప్రశ్న. ఆ ప్రశ్నకు మాత్రం ఆవిడ ప్రతిసారీ వేరే జవాబు చెబుతారు. నీటికాకులు, తెల్లకొంగలు ఒడ్డున బాగా కనబడతాయి. లకుముకిపిట్ట కోసం కాస్త ఓపిక పట్టాలి.

పార్క్‌కు ఎవరి పేరు పెట్టారో కూడా అత్తయ్యే చెప్పారు, ఎంతో గర్వంగా. దామోదరం సంజీవయ్య గారిది కర్నూలు పక్కన పెదపాడు. 1960 నుంచి 1962 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. "ముసలోళ్లకు పింఛను ఇయ్యాలని చూసిన మనిషి" అన్నారు ఆవిడ. ఆరు నెలల ముందు వరకు నాకిది తెలియదు. తెలిశాక ఆ గేటు పైన పేరు చదివినప్పుడల్లా మనసు నిండుగా ఉంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒడ్డు వెంట నీడ తక్కువ. మేం ఒకసారి ఏప్రిల్‌లో నాలుగింటికి వెళ్లాం, సిమెంటు దారి వేడికి చిన్నోడు ఏడ్చాడు, పావుగంటలో వెనక్కి వచ్చేశాం. అప్పటి నుంచి ఉదయం ఏడింటికల్లా అక్కడ ఉంటున్నాం. ఎండాకాలంలో సాగర్ నీళ్లు వాసన కొడతాయి, ఒడ్డున గుర్రపుడెక్క పేరుకుంటుంది. ఇన్ని నాలాల మురుగు ఆ చెరువులోకి చేరుతుంటే పిల్లలకు నీళ్ల పక్కన కథలు చెప్పడం ఎలా అని నాకు నిజంగా బాధగా ఉంటుంది. వాన పడ్డ మర్నాడు వాసన చాలా తక్కువ, అలాంటి రోజు దొరికితే వదులుకోకండి.

ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో అయితే పార్క్ పేరుతోనే స్టేషన్ ఉంది. లింగంపల్లి నుంచి బేగంపేట మీదుగా సికింద్రాబాద్ వెళ్లే బండి ఎక్కాలి. పిల్లలకు అదొక సరదా. అత్తయ్యకు బండి ఎక్కి దిగడం కష్టం కాబట్టి మేం ఆటోలోనే వెళ్తాం. నీళ్ల సీసాలు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు నెక్లెస్ రోడ్డులో బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దిన మక్కకంకి కొంటాం. అత్తయ్య గింజలు ఒలిచి వాడి చేతిలో పోస్తారు. వినాయక నిమజ్జనం రోజుల్లో మాత్రం అటువైపు వెళ్లే ఆలోచన పెట్టుకోకండి, ట్రాఫిక్ అంతా మళ్లిస్తారు.