మండువా ఇంటి పాత సామాను అంటున్నారా? డబ్బు కొట్టే ముందు ఇది చదవండి

పాత సామాన్లు ఏరుకొచ్చి గోడ బొమ్మలు, పెట్టెలు చేసుకునేవాళ్ళం మన కోనసీమలో కొద్దిమందిమే ఉన్నాం, వాళ్ళ కోసం రాస్తున్నాను. పది రోజులు కోపంలో ఉండి ఏమీ రాయలేకపోయాను.

మామూలుగా నేను రాజోలులో పాత ఇనుప కొట్లో కూర్చుని సైకిల్ చైన్లు, పడవ మేకులు, విరిగిన తాళాలు ఏరుకుంటాను, కేజీల లెక్కన ఇచ్చేస్తారు, మోసానికి చోటే లేదు. ఈసారి హైదరాబాద్ నుంచి ఒకావిడ మండువా లోగిలి గుర్తొచ్చేలా నాలుగడుగుల ముక్క చేసిపెట్టమన్నారు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. అమలాపురం దగ్గర నూరేళ్ళ ఇల్లు కూల్చారట, టేకు వాసాలు, ఇత్తడి గొళ్ళాలు, 60 కేజీల లాటు 18,000. పక్కనే పెచ్చులూడిన నీలం కిటికీ ఫొటో. వచ్చి చూస్తానంటే "ఎందుకండీ శ్రమ, వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారు, సగం కొట్టేయండి, వ్యాన్‌లో వేసేస్తాను ఆయ్" అన్నాడు. సగం ముందే ఫోన్‌పే చేశాను, మిగతా సగం రావులపాలెంలో సరుకు దిగగానే, మూట విప్పకముందే కట్టించుకున్నారు. బుద్ధి తక్కువ పని, ఒప్పుకుంటున్నాను.

ఇంటికొచ్చి గొళ్ళాల దగ్గర అయస్కాంతం పెడితే టకామని అంటుకుపోయాయి. ఇత్తడంటే రాగి, జింకు, దానికి అయస్కాంతం అంటదు. అలాగని అంటకపోతే ఇత్తడే అనుకోకండి, అల్యూమినియానికీ అంటదు, అందుకని కనపడని చోట ఆకురాయితో ఒక్క గీత గీసి లోపలి రంగు చూడండి. నావి లోపల ఇనుమే, పైన పూత. ఆకుపచ్చ చిలుము తడిగుడ్డకే వచ్చేసింది! అసలు చిలుము మూలల్లో పట్టుకుని కూర్చుంటుంది, చింతపండు పెట్టి తోమితే గానీ వదలదు, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళని ఎవరిని అడిగినా చెప్తారు.

కర్ర ఇంకా ఘోరం. రంపం పెడితే లోపల పాలిపోయిన మామిడి చెక్క, పైన ముదురు పాలిష్. పురుగు తిన్నట్టు డ్రిల్లుతో కన్నాలు పెట్టారు, అన్నీ ఒకే సైజు, అన్నీ నిటారుగా, చూస్తే నవ్వొచ్చింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే రెండు ముక్కల్లో నిజం పుచ్చే ఉంది, వారం తిరిగేసరికి కింద పిండిలా పొట్టు రాలింది, అదే గదిలో ఉన్న నా పూర్తయిన పెట్టె కింద కూడా ఇప్పుడు రాలుతోంది. టేకు చేవని ఈ పురుగు సాధారణంగా ముట్టుకోదు, మామిడంటే దానికి ప్రాణం. ఇకనుంచి ఏ కర్ర తెచ్చినా నెల రోజులు వేరే గదిలో తెల్ల కాగితం మీద పెట్టి చూస్తాను.

పాతదైతే ఏంటి కొత్తదైతే ఏంటి, బొమ్మ బాగుంటే చాలదా అన్నాడు మా తమ్ముడు. 1942లో పికాసో సైకిల్ సీటు, హ్యాండిల్ కలిపి ఎద్దు తల చేస్తే ఆ సీటు వయసెంత అని ఎవరడిగారని వాడి వాదన. నిజమే, కానీ పికాసో దాన్ని మీ తాతగారి సైకిల్ అని అమ్మలేదు. నాకు ఆర్డరిచ్చిన హైదరాబాద్ ఆవిడ "ఏ ఊరి ఇల్లండీ అది?" అని ముందే అడిగారు, నేను గొప్పగా అమలాపురం దగ్గరిదని చెప్పేశాను. వాళ్ళ పుట్టిల్లు ఆ పక్కనేనట, అందుకే అడిగారట. మళ్ళీ ఫోన్ చేసి అది అబద్ధమని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేశాను.

ఇంకో మాట. నిజంగా పాత రంగున్న తలుపు దొరికినా పొడిగా సాండ్‌పేపర్ కొట్టకండి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఇళ్ళ రంగుల్లో సీసానికి 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) హద్దు మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017లో. తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

అమ్మినాయన్ని అడిగితే "పాత సామానుకి గ్యారంటీ ఏముంటదండీ" అని బ్లాక్ చేసేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఆ నీలం కిటికీ ఫొటో మాత్రం నిన్న వేరే పేరుతో, ఈసారి పాలకొల్లు దగ్గరి ఇల్లని మళ్ళీ కనిపించింది, కిటికీ కింద ఎడమ మూల ఒక చువ్వ వంగి ఉంటుంది, అదే గుర్తు.