శంఖుపూల తీగా, బిళ్ళగన్నేరా? చెన్నై బాల్కనీకి ఏది మేలు

మా కింది ఇంట్లోకి కొత్తగా వచ్చిన నెల్లూరు పిన్నిగారికి ఒక్క కుండీకే చోటుంది. "చూడ్డానికి బాగుండాలి, మందుకూ పనికిరావాలి. ఏది పెట్టుకోమంటావమ్మా?" అన్నారు. మాది వలసరవాక్కంలో మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ నేరుగా మొక్కల మీదే. ఆ ఎండకు మా ఇంట్లో నిలిచినవి రెండే: శంఖుపూల తీగ, బిళ్ళగన్నేరు. నర్సరీవాళ్ళు అంటగట్టిన ఇన్సులిన్ మొక్క ఒకటి ఉండేది. పేరే గానీ దాని ఆకులో ఇన్సులిన్ ఏమీ ఉండదు. నీడ కోరే మొక్క కావడంతో ఏప్రిల్‌లోనే మాడిపోయింది.

బతికే విషయంలో బిళ్ళగన్నేరుకు పోటీ లేదు. పుట్టిల్లు మడగాస్కర్ అయినా మన పిట్టగోడల పగుళ్ళలో కూడా మొలుస్తుంది. ఇక్కడివాళ్ళు నిత్యకల్యాణి అంటారు, పన్నెండు నెలలూ పూస్తుంది కాబట్టి. మొన్న మే నెలలో వారం రోజులు ఒంగోలు వెళ్ళొచ్చేసరికి శంఖు తీగ ఆకులు అప్పడాల్లా తయారయ్యాయి. బిళ్ళగన్నేరు తల వేలాడేసి ఉంది. రెండు మగ్గుల నీళ్ళు పోస్తే సాయంత్రానికి లేచి నిలబడింది. దాన్ని చంపేది ఎండ కాదు, మన ప్రేమ. ఒక నవంబర్‌లో వానకు కుండీ కింద పళ్ళెం నిండిపోయి, కాండం మొదట్లో నల్లబడి రెండు మొక్కలు పోయాయి. అప్పటినుంచి మట్టిలో మూడో వంతు ఇసుక కలుపుతున్నాను. అక్టోబర్ రాగానే పళ్ళేలు తీసేస్తాను.

శంఖు తీగకు చాకిరీ ఎక్కువ. గింజ పెంకు గట్టిది. గరుకు కాగితంతో ఒక పక్క రుద్ది, రాత్రంతా నానబెట్టి వేస్తే త్వరగా మొలుస్తుంది. రెండు నెలలకు పూలు. చిక్కుడు జాతిది కనుక వేళ్ళ బుడిపెల్లో నత్రజనిని తనే కూడబెట్టుకుంటుంది. ఎరువు ఎక్కువేస్తే ఆకులే తప్ప పూలుండవు. ఎండల్లో రోజూ నీళ్ళు పొయ్యాలి, పాకడానికి తాడు కట్టాలి, కాయల్ని ఎప్పటికప్పుడు తుంచాలి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొడతాను.

ఇంతవరకు చూస్తే బిళ్ళగన్నేరే గెలవాలి. మందు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది.

మా మామయ్యకు షుగరు. ఎవరో చెప్పారని రోజూ పరగడుపున మూడు బిళ్ళగన్నేరు ఆకులు నమిలేవారు. నాకు తెలిశాక టెన్షన్ పట్టుకుంది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు కూడా షుగరు కోసమే దీన్ని పరీక్షించారు. జమైకాలో షుగరుకు ఈ ఆకు కాచి తాగుతారని విని ఎలుకలకు సారం ఎక్కించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు పడిపోయాయి. ఆ దారిలోనే 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటపడింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌ను ఇప్పటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు వాడుతున్నారు. ఒక గ్రాము మందు తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. ఫ్యాక్టరీలో శుద్ధి చేసి, డాక్టరు కొలిచి ఇస్తేనే అది మందు, ఆకుగా నమిలితే విషం. ఇదంతా చెబితే మామయ్య "మా ఊళ్ళో అందరూ తినేవాళ్ళమ్మా" అన్నారు. చివరికి ఆయన డాక్టరు కసిరాకే మానేశారు.

శంఖుపూలు అద్భుతాలేమీ చెయ్యవు. జ్ఞాపకశక్తి పెరుగుతుందనేవాళ్ళు చాలామంది శంఖపుష్పి గురించి విన్నది దీనికి అంటిస్తారు. ఉత్తరాదిన శంఖపుష్పి అని వాడేది నేలమీద పాకే వేరే మొక్క. మాకు దీనితో దక్కేది రంగు. ఐదు పూలు వేడినీళ్ళలో వేస్తే సిరాలాంటి నీలం, నిమ్మరసం పిండగానే ఊదా. మా అమ్మాయి దాని కోసమే తాగుతుంది. రుచి అంటారా, గడ్డి నానబెట్టిన నీళ్ళే. ఒకసారి ఇడ్లీ పిండిలో కలిపాను. నీలం ఇడ్లీలను మామయ్య ముట్టుకోలేదు, అత్తయ్య మాత్రం రెండు తిన్నారు. గింజలు మాత్రం నోట్లో పెట్టుకోకూడదు, విరేచనాలవుతాయి. గర్భిణులు ఈ టీ జోలికి పోకపోవడమే మంచిది.

పిన్నిగారింట్లో రెండేళ్ళ మనవడున్నాడు, అందిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. అందుకే బిళ్ళగన్నేరు వద్దని, విత్తనానికి ఎండిన శంఖు కాయలు నాలుగు ఇచ్చి, కాయ కనిపిస్తే పచ్చిగా ఉండగానే కోసెయ్యమన్నాను. ఊళ్ళు తిరిగేవాళ్ళై ఉండి, ఇంట్లో పిల్లలూ, ఆకులు నమిలే మామయ్యలూ లేకపోతే బిళ్ళగన్నేరే ఇచ్చేదాన్ని. ఆవిడ తాడు కట్టినట్టు లేరు. నిన్న బట్టలు ఆరేస్తుంటే కిందినుంచి ఒక తీగ వచ్చి మా గ్రిల్లుకు రెండు చుట్లు చుట్టుకుని ఉంది.